ఎర్ర ఇటుకల గోపురంలో కాఫీ - ఒక కార్మిక చరిత్ర

ఉద్యోగం చేసిన ప్రతి మనిషికీ ఒక కాగితమంటే భయం ఉంటుంది. అది బదిలీ ఉత్తర్వు కాదు, మెమో కాదు, ఇంక్రిమెంటు ఆపినట్లు తెలిపే తాఖీదు కూడా కాదు. "మీరు పనిచేయుచున్న శాఖను మూసివేయుటకు నిర్ణయించడమైనది, మీ సేవలు ఇకపై అవసరం లేదు" అనే కాగితం. మనలో అధికభాగం అదృష్టవంతులం. అటువంటిది అందుకోకుండానే పదవీ విరమణ రోజు వరకు వచ్చి, పూలదండ వేయించుకుని, శాలువా కప్పించుకుని, పెన్షన్ కాగితాలు చేతపట్టుకుని ఇంటికి చేరాం.

ఈ ప్రత్యేక సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసమొకటి రాయమని మన సంపాదక మిత్రులు కోరినప్పుడు రాజుల గురించీ, కోటల గురించీ రాయాలనిపించలేదు. ఆ భయపడే కాగితం అందుకుని కూడా ఇంటికి పోకుండా నిలబడిన కొందరు హోటలు పనివారి గురించి రాయాలనిపించింది. వారి కథ నాకు ఏ గ్రంథాలయంలోనూ మొదట దొరకలేదు. ఒక విచిత్రమైన హోటల్లో దోసె తింటూ ఉండగా దొరికింది.

పురిలాంటి హోటలు

2019 జనవరిలో నేనూ, నా శ్రీమతీ అనంతపద్మనాభస్వామి దర్శనానికని తిరువనంతపురం వెళ్ళాం. శబరి ఎక్స్‌ప్రెస్ దిగి స్టేషన్ బయట అడుగుపెట్టేసరికి చీకటి పడుతోంది. తంపానూరు అనే ఆ ప్రాంతంలో ఒకవైపు రైల్వే స్టేషను, ఎదురుగా బస్ స్టాండు. ఆ బస్ స్టాండు పక్కనే ఎర్ర ఇటుకలతో కట్టిన గుండ్రని గోపురం ఒకటి కనబడింది. మన పల్లెల్లో పూర్వం ధాన్యం పోసుకునే పురులు ఉండేవి చూడండి, అటువంటి పురిని పదింతలు పెంచి ఇటుకలతో కడితే ఎలా ఉంటుందో అలా ఉంది. గోడ నిండా వరుసగా చిన్న చిన్న కన్నాలు. సున్నం లేదు, రంగు లేదు, గాజు అద్దాలు లేవు.

"ఇదేం హోటలండీ, పావురాల గూడులా ఉంది" అన్నది ఆవిడ. బోర్డు చూస్తే ఇండియన్ కాఫీ హౌస్ అని ఉంది. ప్రయాణ బడలిక మీద ఉన్నాం, కాఫీ అనే మాట కనబడింది, లోపలికి నడిచాం.

లోపలికి వెళ్ళాక ఇంకా ఆశ్చర్యం. మెట్లు లేవు, అంతస్తులూ లేవు. నత్తగుల్ల లోపల ఉన్నట్లు ఒకే వాలుదారి గుండ్రంగా తిరుగుతూ పైకి పోతూ ఉంటుంది. ఆ దారికి బయటి గోడ వైపున బల్లలు, కూర్చునే అరుగులు కట్టడంలో భాగంగానే కట్టేశారు. ఎవరూ కుర్చీ లాగే పని లేదు. నేల ఏటవాలు, బల్ల మాత్రం సమతలం. మధ్యలో గుండ్రని స్తంభంలాంటి భాగం ఉంది. ఖాళీ బల్ల దొరికేదాకా అలా నడుచుకుంటూ పైకి పోవడమే. గోడ కన్నాల్లోంచి గాలి ధారాళంగా వస్తోంది. కింద రోడ్డు మీద బస్సుల దీపాలు ముక్కలు ముక్కలుగా కనబడుతున్నాయి.

మోకాళ్ళ నొప్పులతో బాధపడే మా ఆవిడ ఏ హోటల్లోనైనా మెట్లు కనబడితే "నేను కిందే ఉంటాను, మీరు వెళ్ళి రండి" అంటుంది. ఇక్కడ మాత్రం తనకే తెలియకుండా రెండు చుట్లు తిరిగి పైకి వచ్చేసింది. "మెట్లు లేకపోతే ఎక్కినట్లే లేదండీ" అని తనే అన్నది. మన వయసు వారికి అంతకంటే పెద్ద కితాబు ఏముంటుంది?

వడ్డించే వ్యక్తి వచ్చాడు. తెల్లటి దుస్తులు, నడుముకు వెడల్పాటి పటకా, తలమీద గంజి పెట్టి విసనకర్రలా విప్పిన పాగా. ఏదో సంస్థానాధీశుని దర్బారు నుండి నేరుగా వచ్చినట్లున్నాడు. మసాలా దోసె, కట్‌లెట్, కాఫీ చెప్పాం. దోసె విప్పి చూస్తే లోపలి కూర మన ఉల్లి బంగాళాదుంపల పసుపు రంగులో లేదు, ఎర్రగా ఉంది. బీట్‌రూట్! "గోడలు ఎరుపు, దోసె కూడా ఎరుపే" అని ఇద్దరం నవ్వుకున్నాం. కేరళలోని కాఫీ హౌసుల్లో బీట్‌రూట్ కూర ఒక ఆనవాయితీ అని తరువాత తెలిసింది.

బిల్లు తెచ్చినప్పుడు మాటవరసకు అడిగాను, ఈ హోటలు యజమాని ఎవరని. నడివయసు దాటిన ఆ మనిషి వచ్చీరాని ఇంగ్లీషులో, ఎంతో మామూలుగా "మేమే సార్" అన్నాడు. నాకు అర్థం కాలేదనుకుని వేలితో తనను, కింద గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషిని, పళ్ళేలు తీసుకుపోతున్న కుర్రవాడిని వరుసగా చూపించాడు. తరువాత "ఏ.కె.జి." అని ఒక పేరు చెప్పి వెళ్ళిపోయాడు. ఇంటికి తిరిగి వచ్చాక ఆ రెండు మాటల వెనుక సంగతేమిటో చదివి తెలుసుకున్నాను. మిత్రులతో పంచుకోదలచింది అదే.

గోపురం కట్టిన మనిషి

ముందు కట్టడం గురించి రెండు మాటలు. దీన్ని రూపొందించినవారు లారీ బేకర్. 1917లో ఇంగ్లండులోని బర్మింగ్‌హాంలో పుట్టారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో చైనాలో వైద్య సహాయక దళంతో పనిచేసి, స్వదేశానికి తిరిగి వెళుతూ ఓడ కోసం బొంబాయిలో ఆగవలసి వచ్చింది. ఆ రోజుల్లోనే గాంధీజీని కలిశారు. ఇల్లు కట్టడానికి కావలసిన సామగ్రి ఆ చోటికి 5 మైళ్ళ లోపలే దొరికేదై ఉండాలని గాంధీజీ అన్న మాట తన వృత్తి జీవితమంతా వెంట వచ్చిందని బేకర్ చెప్పుకునేవారు. 1945లో కుష్ఠు రోగుల సేవాసంస్థ తరఫున మళ్ళీ భారతదేశం వచ్చి, ఇక్కడే ఉండిపోయారు. 1948లో ఆయన పెళ్ళాడిన డాక్టర్ ఎలిజబెత్ జేకబ్ కేరళ కుటుంబానికి చెందినవారు. పెళ్ళికి ముందు ఆమె మన హైదరాబాదులోనే అదే సంస్థ తరఫున కుష్ఠు రోగులకు వైద్యం చేశారన్నది మనం గుర్తుంచుకోదగ్గ విషయం.

ఆ దంపతులు హిమాలయాల్లోని పిథోరాగఢ్ ప్రాంతంలో చాలాకాలం వైద్యసేవ చేసి, 1960ల్లో కేరళకు వచ్చారు. సి.అచ్యుత మీనన్ ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో బేకర్ పద్ధతికి ప్రభుత్వ ప్రోత్సాహం లభించింది. ఆర్థికవేత్త కె.ఎన్.రాజ్ తిరువనంతపురంలో నెలకొల్పిన అభివృద్ధి అధ్యయన కేంద్రం భవనాలు ఆయన రూపొందించినవే. ఇటుకలను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదిలి గోడ కట్టడం ఆయన విరివిగా వాడిన పద్ధతి. దానివల్ల ఇటుకల్లో సుమారు నాలుగోవంతు ఆదా, పైగా ఇల్లు చల్లగా ఉంటుంది. గోడకు పూత పూయడం, రంగు వేయడం వృథా ఖర్చని ఆయన నమ్మకం. కిటికీకి చెక్క, గాజు కొనే బదులు ఇటుకల మధ్య ఖాళీలు వదిలితే గాలి, వెలుతురు రెండూ వస్తాయి కదా అనేవారు. కాబట్టి మాకు వింతగా కనిపించిన ఆ అలంకరణ అలంకరణే కాదు. చిన్న స్థలంలో, తక్కువ ఖర్చుతో, ఎక్కువమంది కూర్చునేందుకు వేసిన లెక్క. ఆయనకు 1990లో పద్మశ్రీ వచ్చింది. 2007 ఏప్రిల్ 1న తిరువనంతపురంలోనే కన్నుమూశారు.

ఖరీదైన ముస్తాబుకు డబ్బులేని యజమానులకు తగిన శిల్పి దొరికారు. ఆ యజమానులెవరన్నదే అసలు కథ.

కాఫీ అమ్మడానికి ఒక చట్టం

ఇప్పుడు కాఫీ దక్షిణాది ఇళ్ళలో నిత్యావసరం. 1930ల్లో అలా కాదు. తోటల్లో పండిన కాఫీలో పెద్దభాగం విదేశాలకు పోయేది. ప్రపంచమంతటా ఆర్థికమాంద్యం వచ్చి ధరలు పడిపోయాయి. దేశంలోనే తాగేవారిని పెంచాలనే ఉద్దేశంతో 1935లో కాఫీ సెస్ చట్టం చేసి, ఒక కమిటీని నియమించారు. ఆ కమిటీ 1936లో బొంబాయి చర్చిగేట్‌లో మొదటి ఇండియా కాఫీ హౌస్ తెరిచింది. అంటే ఇవి లాభం కోసం పుట్టిన హోటళ్ళు కావు, జనానికి కాఫీ రుచి చూపించడానికి పెట్టిన ప్రచార కేంద్రాలు. ఆ ప్రచారంలో భాగమే శుభ్రమైన తెల్ల దుస్తులూ, తలపాగా, పటకానూ.

రెండవ ప్రపంచ యుద్ధంతో ఐరోపా మార్కెట్లు మూతపడ్డాయి. కాఫీ రైతును ఆదుకోవడానికి 1942లో మరో చట్టం వచ్చింది, కాఫీ బోర్డు దాని కింద పనిచేసింది. పండిన పంటనంతా బోర్డే సేకరించి అమ్మే పద్ధతి అప్పటినుండి సాగి, 1990ల్లో క్రమంగా ఎత్తివేయబడింది. 1940ల్లో కాఫీ హౌసులు దేశంలో 50 దాకా పెరిగాయి. కలకత్తా కాలేజీ స్ట్రీటులోని ఆల్బర్ట్ హాలులో ఉన్న కాఫీ హౌసు గురించి వినని చదువరి ఉండడు. ఒక కప్పు కాఫీ తీసుకుని గంటలకొద్దీ కూర్చున్నా లెమ్మనేవారు లేకపోవడంతో కవులకు, విద్యార్థులకు, పత్రికలవారికి, రాజకీయ కార్యకర్తలకు అవి నిలయాలయ్యాయి.

మూసివేత

1950ల నడుమ బోర్డు విధానం మారింది. కాఫీ అలవాటు చేయాలన్న ఆశయం నెరవేరింది కదా, ఇక హోటళ్ళు నడపడం మన పని కాదు అన్న ఆలోచన బలపడింది. ఒక్కొక్కటిగా కాఫీ హౌసులు మూసివేయాలని నిర్ణయించారు. కాగితాల మీద చూస్తే ఆ వాదంలో తప్పు కనబడదు. మన కార్యాలయాల్లో ఇటువంటి నోట్‌ఫైళ్ళు మనమూ చూశాం. కాని ఆ నోట్‌ఫైలు కింద పదేళ్ళు, పదిహేనేళ్ళు కాఫీ కలపడం, బల్లలు తుడవడం, పళ్ళేలు మోయడం తప్ప మరో పని నేర్చుకోని మనుషులున్నారు. నడివయసులో వాళ్ళు ఎక్కడికి పోవాలి?

కార్మిక సంఘం పోరాటం మొదలుపెట్టింది. వారికి అండగా నిలిచినవారు ఏ.కె.గోపాలన్. జనం నోట ఆయన ఏ.కె.జి. 1904లో ఉత్తర కేరళలో పుట్టి, బడిపంతులుగా జీవితం మొదలుపెట్టి, స్వాతంత్ర్యోద్యమంలోనూ ఆ తరువాత కమ్యూనిస్టు ఉద్యమంలోనూ పలుమార్లు జైలుకెళ్ళిన మనిషి. విచారణ లేని నిర్బంధాన్ని సవాలు చేస్తూ ఆయన వేసిన దావా మీద 1950లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును న్యాయశాస్త్ర విద్యార్థులు నేటికీ చదువుతారు. 1952లో ఏర్పడిన మొదటి లోక్‌సభలో కమ్యూనిస్టు పక్ష నాయకుడు.

ఆయన కార్మికులకు చూపిన దారి ఆ రోజుల్లో కొత్తది. ఉద్యోగాలు తీసేయవద్దని అడగడంతోనే ఆగకండి, ఆ కాఫీ హౌసులనే మాకు అప్పగించండని అడగండి, సహకార సంఘాలుగా ఏర్పడి మీరే నడుపుకోండి అన్నారు. చేతిలో పైసా లేని సర్వర్లు యజమానులు కావడమేమిటని నవ్వినవారు ఉండే ఉంటారు. అయినా పని జరిగింది. 1957 ఆగస్టు 19న బెంగుళూరులో కాఫీ కార్మికుల సహకార సంఘం మొదలైంది. అదే సంవత్సరం ఢిల్లీలోనూ ఏర్పడింది. 1958 మార్చి 8న త్రిచూరులో కేరళకు మొదటి కార్మికుల కాఫీ హౌసు వచ్చింది. ఆ ఏడాది ముగిసేలోగా లక్నో, నాగపూర్, జబల్‌పూర్, పాండిచ్చేరి, కలకత్తా, తలశ్శేరి వంటి చోట్ల కూడా పని సాగింది. పాత పేరు ఇండియా కాఫీ హౌస్. కార్మికుల చేతికి వచ్చాక చాలాచోట్ల ఇండియన్ కాఫీ హౌస్ అయింది. పేరులో మారింది ఒక్క అక్షరమే, యాజమాన్యం మాత్రం పూర్తిగా మారిపోయింది.

కేరళలో ఈ సంఘాలను నిలబెట్టినవారిలో ముఖ్యుడు నడక్కల్ పరమేశ్వరన్ పిళ్ళై. ఆయనా కాఫీ బోర్డు ఉద్యోగం పోగొట్టుకున్న కార్మికుడే. వృద్ధాప్యంలో "కాఫీ హౌసింటె కథ" అనే పేరుతో మలయాళంలో తమ కథ రాసుకున్నారు. దానికి కేరళ సాహిత్య అకాడమీ బహుమతి లభించింది. హోటలు కార్మికుడి ఆత్మకథకు సాహిత్య అకాడమీ బహుమతి రావడం ఎన్ని భాషల్లో జరిగి ఉంటుంది?

అన్నగారి సంగతి

ఈ వివరాలన్నీ ఒకనాటి సాయంత్రం నా శ్రీమతికి చదివి వినిపించాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "మా పెద్దన్నయ్య వాళ్ళకి ఈ మాట చెప్పేవాళ్ళు ఒక్కరూ లేకపోయారండీ" అన్నది.

మా పెద్ద బావమరిది ఒక మిల్లులో ఇరవైరెండేళ్ళు పనిచేశారు. 1990ల్లో మిల్లు మూసేశారు. చేతికి వచ్చిన కొద్దిపాటి సొమ్ము కూతురి పెళ్ళికి ఖర్చయింది. ఆ తరువాత ఆయన పదేళ్ళు బతికారు గాని, ఉదయం ఎనిమిది గంటలకు మిల్లు కూత వేళకు చొక్కా తొడుక్కుని వీధి అరుగు మీద కూర్చోవడం మానలేదు. ఆ ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తేవారు కాదు.

నేను ఆవిడకు చెప్పిన సమాధానం ఇక్కడ కూడా చెప్పడం న్యాయం. మిల్లు వేరు, కాఫీ హౌసు వేరు. మిల్లుకు యంత్రాలు కావాలి, పత్తి కొనడానికి లక్షలు కావాలి, కరెంటు బకాయిలు తీర్చాలి. కార్మికుల చేతిలో పెట్టినంత మాత్రాన ప్రతి మిల్లూ నడవదు. కాఫీ హౌసుకు అసలు పెట్టుబడి పనివాడి చేతినైపుణ్యం, వేళకు వచ్చే ఖాతాదారులు. ఆ రెండూ ఆ సర్వర్ల దగ్గర ముందే ఉన్నాయి. లేనిదల్లా "ఇది మీరు నడపగలరు" అని చెప్పే మనిషి. ఆవిడ అంతా విని, "నడుస్తుందో లేదో తరువాత సంగతి, అడిగి చూడాలని కూడా ఎవరికీ తోచలేదు కదా" అన్నది. దానికి నా దగ్గర జవాబు లేదు.

నిలిచినవి, పోయినవి

కార్మికుల చేతికి వచ్చాక అంతా సుఖాంతమేనని చెబితే అది చరిత్ర కాదు. ఢిల్లీ కన్నాట్ ప్లేస్‌లోని కాఫీ హౌసును 1976లో, ఎమర్జెన్సీ రోజుల్లో పడగొట్టారు. ప్రభుత్వాన్ని విమర్శించేవారు అక్కడ చేరుతున్నారన్నది అప్పట్లో అందరికీ తెలిసిన కారణం. ఆ చోట ఇప్పుడు పాలికా బజారు ఉంది. కాఫీ హౌసు మోహన్‌సింగ్ ప్లేస్‌కు మారింది. బెంగుళూరు మహాత్మాగాంధీ రోడ్డులో దశాబ్దాలపాటు ఉన్న కాఫీ హౌసు 2009లో ఆ స్థలం వదిలి చర్చ్ స్ట్రీట్‌కు తరలిపోయింది. 1996లో బెంగుళూరులో కెఫే కాఫీ డే మొదలయ్యాక మెత్తటి సోఫాలు, చల్లని గదులు ఉన్న కొత్తరకం కాఫీ అంగళ్ళు వచ్చాయి. యువతరం అటు తిరిగింది. నగరాల్లో అద్దెలు పెరిగాయి. ధర పెంచితే పాత ఖాతాదారు రాడు, పెంచకపోతే జీతాలకు చాలదు. ఈ ఇరకాటం ప్రతి కాఫీ హౌసుకూ ఉన్నదే.

అయినా కేరళలో వీటికి ఉన్న ఆదరణ వేరు. ఆ ఒక్క రాష్ట్రంలోనే 50కి పైగా కాఫీ హౌసులు పెరిగాయి. సంఘ నిర్వాహకులను బయటినుండి ఎవరూ నియమించరు. పనిచేసేవారే తమలోనుండి ఎన్నుకుంటారు. వాటా ఎంత ఉన్నా మనిషికి ఒకటే ఓటు అన్నది సహకార సూత్రం. వంటవాడి ఓటూ మేనేజరు ఓటూ సమానం. మాకు దోసె వడ్డించిన మనిషి "మేమే" అన్నప్పుడు ఆ మాటలో గొప్ప ఏమీ ధ్వనించకపోవడానికి కారణం అదేనేమో. ఉన్నమాట చెప్పాడు, అంతే.

మన తెలుగునాట కూడా కాఫీకీ సహకారానికీ సంబంధం లేకపోలేదు. అరకు లోయలో గిరిజన రైతులు పండించే అరాబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడి చిన్న కమతాల రైతులు పలువురు సంఘాలుగా చేరి పంటను శుద్ధి చేసి అమ్ముకుంటున్నారు. ఒక్కొక్కడుగా పోతే దళారి చెప్పిందే ధర, పదిమందిగా పోతే తమ మాటకూ విలువ. పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం 1995లో దేశంలో మొదట వచ్చింది మన రాష్ట్రంలోనేనన్నది సహకార శాఖలో పనిచేసిన మన మిత్రులకు నేను చెప్పనక్కరలేదు.

పెన్షనర్ల సంఘం పెట్టుకున్న మనం కూడా ఒక విధంగా అదే దారిలో ఉన్నాం. చందా మనది, ఓటు మనది, లెక్కలు చూసేది మనమే. కరువు భత్యం బకాయిల కోసమో, వైద్య ఖర్చుల కోసమో ఒంటరిగా అర్జీ పెట్టుకుంటే దానికి ఎంత మర్యాద దక్కుతుందో మనందరికీ అనుభవమే. 1957లో ఆ కాఫీ కార్మికులకు మనకున్నంత చదువు లేదు, పెన్షన్ అసలే లేదు. ఉన్నది ఒక సంఘం, సరైన సమయంలో సరైన ప్రశ్న వేసిన నాయకుడు. మూసివేత కాగితాన్ని వాళ్ళు చింపేయలేదు. దాని వెనుకవైపు తమ అర్జీ రాసుకున్నారు.

మన పిల్లల్లో, మనుమల్లో చాలామంది నేడు ఎప్పుడు పొమ్మంటారో తెలియని ఉద్యోగాల్లో ఉన్నారు. వాళ్ళకు మనం ఆస్తులు ఇవ్వగలమో లేదో గాని, ఇటువంటి కథలు చెప్పగలం. తిరువనంతపురం వెళ్ళే మిత్రులు స్వామి దర్శనం అయ్యాక తంపానూరు గోపురం కూడా చూసి రండి. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు నిస్సంకోచంగా పైదాకా వెళ్ళవచ్చు. మనుమలను వెంట తీసుకువెళ్ళండి. బీట్‌రూట్ దోసె తింటూ, ఈ హోటలు ఎవరిదో ఊహించమని వాళ్ళనే అడగండి.